మే ఎండల్లో టర్బో కారుకి చల్లగాలి అందించడం ఎలా? నా ఆక్టేవియా మీద చేసిన పని మొత్తం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, నా కారు కూడా అప్పుడు పగిలేదాకా వచ్చింది. స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ, అంటే టర్బో (గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోసే ఫ్యాన్ లాంటిది) ఉన్న పెట్రోల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ పెంచేలా ఇంజన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించా. జనవరిలో పొద్దున్నే ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కితే యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకముందే పరిగెత్తేది, అదే కారు మే నెలలో మధ్యాహ్నం మూడింటికి సిగ్నల్ దగ్గర పది నిమిషాలు ఆగి ఫ్లైఓవర్ ఎక్కాలంటే ముసలి ఎద్దులా మూలుగుతూ ఎక్కేది. అందరూ చెప్పే మందే నేనూ వేశా, ఓపెన్ కోన్ ఫిల్టర్ (డబ్బా లేకుండా బయటికుండే శంకువు ఆకారం ఫిల్టర్) తెచ్చి స్టాక్ ఎయిర్‌బాక్స్, అంటే కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ డబ్బా, పీకేసి బిగించా. సౌండ్ మాత్రం అదిరింది, కాలు తీసిన ప్రతిసారీ బుస్సుమని నాగుపాము పడగ విప్పినట్టు. కారు మాత్రం ఇంకా నెమ్మదించింది!

ఎందుకో తెలియాలంటే కొలవాలి. కోఠి గుజరాతీ గల్లీలో పొడుగు వైరుకి చిన్న ప్రోబ్ ఉండే డిజిటల్ థర్మామీటర్ దొరుకుతుంది, ఫ్రిజ్‌ల్లో పెట్టేది, రెండు మూడొందల లోపే. అదొకటి తెచ్చి ప్రోబ్‌ని కోన్ పక్కన కట్టి డిస్‌ప్లేని క్యాబిన్‌లోకి లాగా. బయట 41 డిగ్రీలున్న రోజు సిగ్నల్లో ఆగితే కోన్ దగ్గర 68 చూపించింది. నేను డబ్బులు పోసి కొన్నది కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ కాదు, బోనెట్ కింద వేడిని పీల్చే గొట్టం అన్నమాట. ఆ రోజు నుంచి ఫిల్టర్ల గురించి ఆలోచించడం మానేసి గాలి ఎక్కణ్ణుంచి వస్తోంది, ఏ దారిన వస్తోంది అనేదే చూస్తున్నా.

పని మొదలుపెట్టే ముందు కొంచెం లెక్క చూద్దాం, లేకపోతే ఎక్కడ ఖర్చు పెట్టాలో ఎక్కడ పెట్టక్కర్లేదో అర్థం కాదు. 200 హార్స్‌పవర్ దాకా వచ్చే పెట్రోల్ ఇంజన్ ఫుల్ థ్రాటిల్‌లో (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే) నిమిషానికి సుమారు 9 కిలోల గాలి తాగుతుంది. 9 కిలోలంటే మన ఎండాకాలం గాలిలో దాదాపు 8 ఘనపు మీటర్లు, ఒక మామూలు బాత్‌రూమ్ నిండా పట్టే గాలిని నిమిషంలో లాగేస్తుంది. గాలి 40 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి వేడెక్కితే అదే సైజులో పట్టే గాలి బరువు 6 శాతం తగ్గుద్ది. టర్బో లేని కారైతే అక్కడితో కథ అయిపోయేది, పవర్ కూడా ఇంచుమించు అంతే పడేది. టర్బో కారులో అలా కాదు, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఇంత బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు ప్రెషర్) కావాలని అడుగుద్ది, టర్బో ఇంకొంచెం గట్టిగా తిరిగి ఆ ప్రెషర్ తెచ్చి ఇస్తుంది, కాబట్టి నష్టం పైకి కనిపించదు, వేరే చోట కడతాం.

ఆ వేరే చోటు టర్బో అవుట్‌లెట్. గాలిని నొక్కితే వేడెక్కుద్ది, సైకిల్ పంపు కొట్టినప్పుడు కింద కాలినట్టు. టర్బో ఎఫిషియెన్సీ 70 శాతం అనుకుని ప్రెషర్‌ని రెట్టింపు చేస్తే, 40 డిగ్రీల గాలి లోపలికి పోయి 138 దగ్గర బయటికొస్తుంది. 60 డిగ్రీల గాలి పోతే 164. అంటే ముందు 20 డిగ్రీల తేడా ఉంటే వెనక 26 అవుతుంది. తర్వాత ఆ వేడిగాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఉంది కదా, అది కూడా 70 శాతం పని చేస్తుందనుకుంటే మొదటి గాలి 69 డిగ్రీలకీ రెండోది 77 డిగ్రీలకీ దిగి మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లోకి) పోతాయి. చివరికి మిగిలిన తేడా 8 డిగ్రీలు, గాలి బరువులో చెప్పాలంటే 2 శాతం పైన. ఇంతేనా అనిపిస్తుంది, కానీ 91 ఆక్టేన్ పెట్రోల్ (ఆ అంకె పెరిగితే నాకింగ్ తక్కువ) కోసం కాకుండా 95 కోసం రాసిన రీమ్యాప్ మీద ఆ 8 డిగ్రీలే నాకింగ్‌కి, అంటే సిలిండర్‌లో పెట్రోల్ తనంతట తానే పేలడానికి, గేటు తెరుస్తాయి, ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి లాగుద్ది, మనకి తెలిసే మొద్దుతనం ఎక్కువగా అక్కడే పుడుతుంది.

ఇదే లెక్కలో ఇంకో సంగతి ఉంది, చాలామంది చూడరు. ఇంటర్‌కూలర్‌ని బయట నుంచి చల్లార్చే గాలి 40 కాకుండా 50 డిగ్రీలైతే మానిఫోల్డ్‌లో 76 వస్తుంది. అంటే కోన్ పెట్టి 60 డిగ్రీల గాలి తాగించిన దానికీ దీనికీ ఒక్క డిగ్రీ తేడా. నా కారులో ఇంటర్‌కూలర్ ఏసీ కండెన్సర్ వెనక, రేడియేటర్ ముందు, శాండ్‌విచ్‌లా ఉంటుంది, ఏసీ ఆన్ చేస్తే కండెన్సర్ వదిలే వేడంతా దాని మొహం మీదే. హైదరాబాద్‌లో మేలో ఏసీ ఆపి నడిపే మొనగాడెవడు? అందుకే ఇన్‌టేక్ పని అంటే ఫిల్టర్ ఒక్కటే అనుకోవద్దు, బంపర్ నుంచి థ్రాటిల్ దాకా మొత్తం దారి ఒకే పని.

సరే, ముందు కొలత. థర్మామీటర్ ఒకటి ఎయిర్‌బాక్స్ లోపల, ఫిల్టర్‌కి ముందు పక్కన, ప్రోబ్ గోడకి తగలకుండా గాల్లో వేలాడేలా. గోడకి తగిలితే ప్లాస్టిక్ వేడి చూపిస్తుంది, గాలి వేడి కాదు, నేను మొదటి రెండు రోజులు అదే తప్పు రాసుకున్నా. ప్రోబ్ ఎప్పుడూ ఫిల్టర్‌కి బయట పక్కనే, లోపల పక్క పెడితే ఊడి టర్బోలోకి పోయిందంటే కంప్రెసర్ వీల్ ఖతం. రెండోది కారు డయాగ్నస్టిక్ పోర్టుకి తగిలించే ఓబీడీ బ్లూటూత్ డాంగిల్, దాంతో ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ చూడొచ్చు. ఇక్కడ ఒక తిరకాసు, చాలా టర్బో కార్లలో ఆ రీడింగ్ ఇంటర్‌కూలర్ తర్వాత మానిఫోల్డ్ దగ్గరున్న సెన్సర్‌ది, కొన్నిట్లో ఎయిర్‌ఫ్లో సెన్సర్ దగ్గరది, మీ కారులో ఏదో ముందు తేల్చుకోండి. తేల్చుకోవడం సులువే, కారుని కాసేపు గట్టిగా నడిపితే రీడింగ్ బూస్ట్‌తో పాటు ఎగిరితే అది ఇంటర్‌కూలర్ తర్వాతది, బూస్ట్‌తో సంబంధం లేకుండా మెల్లగా కదిలితే ముందుది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వాళ్లకి ఓబీడీఎలెవెన్ అనే డాంగిల్ ఉంటే ఇంకా మంచిది, ఒక్కో సిలిండర్‌కి టైమింగ్ ఎంత వెనక్కి లాగుతోందో కూడా కనిపిస్తుంది.

రీడింగులు నాలుగు సందర్భాల్లో రాసుకోండి: పొద్దున్న కోల్డ్ స్టార్ట్ అయిన రెండు నిమిషాలకి, ఏసీ వేసుకుని పది నిమిషాలు ఐడిల్‌లో నిలబెట్టాక, 80లో ఐదు నిమిషాలు సాఫీగా పోయాక, ఇంకా ఒక ఫుల్ థ్రాటిల్ పుల్. పుల్‌కి సెకండ్ గేర్ చాలు, అది కూడా స్పీడ్ లిమిట్ దాటకముందే ఆపండి, థర్డ్ ఫోర్త్ అని మెయిన్ రోడ్డు మీద వేషాలు వద్దు, కావాలంటే డైనో (పవర్ కొలిచే రోలర్ల మెషీన్) మీద చేయించుకోండి. చదివేది రాసేది పక్క సీట్లో ఉన్న మనిషి, నాకు మా బావమరిది దొరికాడు, ప్రతిదానికీ ఒక బిర్యానీ అడిగాడు అది వేరే విషయం. బయట టెంపరేచర్ కూడా పక్కనే రాయాలి, ఎందుకంటే మీకు కావాల్సింది ఎయిర్‌బాక్స్ బయటికంటే ఎంత ఎక్కువుంది అనేది, ఉత్త అంకె కాదు. కదులుతున్నప్పుడు బయటికంటే 5 డిగ్రీల లోపు ఎక్కువుంటే మీ ఇన్‌టేక్ బానే ఉంది, డబ్బులు ఇంటర్‌కూలర్ మీద పెట్టుకోండి. 15, 20 ఎక్కువుంటే కింద చెప్పేది మీ కోసమే.

ఇప్పుడు పెద్దగా ఖర్చు లేని పని, నా కారులో సగం రోగం ఇక్కడే తగ్గింది. సెకండ్ హ్యాండ్ కారుకి ఎప్పుడో ఒకసారి ముందు బంపర్‌కి దెబ్బ తగిలే ఉంటుంది, టింకరింగ్ షాపులో బంపర్ విప్పి పెయింట్ చేసి తిరిగి పెట్టేటప్పుడు లోపలుండే నల్ల ప్లాస్టిక్ గైడ్‌లు, ఫోమ్ ముక్కలు మళ్లీ పెట్టరు, అవి లేకపోయినా బంపర్ కూర్చుంటుంది కదా, ఎవరికి తెలుస్తుంది. ఆ ముక్కల పని గ్రిల్‌లోంచి వచ్చిన గాలిని పక్కలకి పారిపోకుండా కండెన్సర్ లోంచే పోయేలా చేయడం. అవి లేకపోతే గాలి సందుల్లోంచి తప్పించుకుంటుంది, అంతకంటే ఘోరం ఏంటంటే సిగ్నల్లో ఆగినప్పుడు రేడియేటర్ ఫ్యాన్ వదిలిన వేడిగాలి అదే సందుల్లోంచి తిరిగి ముందుకొచ్చి మళ్లీ లోపలికి పోతుంది. నా బంపర్ విప్పి చూస్తే ఎడమ పక్క గైడ్ అసలు లేదు, కుడి పక్కది సగం విరిగి జిప్ టై మీద బతుకుతోంది. కింద అండర్‌ట్రే కూడా చూడండి, స్పీడ్ బ్రేకర్లకి చిరిగి సర్వీస్‌లో పీకి పారేసి ఉంటారు. ఒరిజినల్ ముక్కలు దొరికితే కొనండి, దొరక్కపోతే ఏసీ పైపులకి చుట్టే నల్ల నైట్రైల్ ఫోమ్ షీట్ రాణిగంజ్‌లో ఎన్ని మీటర్లైనా ఇస్తారు, అది కోసి రేడియేటర్ చుట్టూ బిగుతుగా కూరండి. వెలుతురు కనిపించే సందు ఒక్కటీ ఉండకూడదు.

బంపర్ విప్పినప్పుడే ఇంటర్‌కూలర్, కండెన్సర్ ఫిన్స్ మధ్య ఉన్న పురుగులు, ధూళి, ఎండిన బురద మెల్లగా నీళ్లతో కడగండి, ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్స్ పడుకుంటాయి, పడుకున్నవాటిని ఓపిగ్గా చిన్న స్క్రూడ్రైవర్‌తో నిలబెట్టాలి, టీవీ చూస్తూ చేసే పని. ఇంటర్‌కూలర్ ఎఫిషియెన్సీ 70 నుంచి 80కి పెరిగితే పైన చెప్పిన లెక్కలో 69 డిగ్రీలు 60 అవుతుంది, కోన్ ఫిల్టర్ వాళ్లు కలలో కూడా ఇవ్వలేని 9 డిగ్రీలు అది.

తర్వాత ఎయిర్‌బాక్స్. నా సలహా ఒకటే, స్టాక్ బాక్స్ పారేయకండి. కంపెనీ ఇంజనీర్లు పిచ్చోళ్లు కాదు, ఆక్టేవియాలో బోనెట్ తెరిస్తే గ్రిల్ పైన లాక్ ప్యానెల్ దగ్గర నుంచి స్నార్కెల్ (బాక్స్‌కి గాలి తెచ్చే గొట్టం) గాలి తీసుకుంటుంది, అది ఇంజన్ వేడికి ముందున్న చోటు, టర్బో ఏమో వెనకాల ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) పక్కన ఉంటుంది, రెంటికీ మధ్య ఇంజన్ అంతా ఉంది. ఇంతకంటే మంచి చోటు మనం వెతికినా దొరకదు. మనం చేయాల్సింది ఆ బాక్స్‌లోకి గాలి ఫ్రీగా వచ్చేలా, వేరే దారుల్లోంచి వేడిగాలి దూరకుండా చూడటమే. స్నార్కెల్ క్లిప్పులు విరిగి జాయింట్ దగ్గర వేలు దూరేంత సందు ఉంటే ఇంజన్ అక్కణ్ణుంచే పీల్చుకుంటుంది, దానికి గ్రిల్ దాకా పోవాల్సిన ఖర్మ ఏంటి. పెయింట్ చేసిన బంపర్ కార్లలో ఇది తప్పకుండా చూడండి.

కోన్ తప్ప వేరేది వద్దు, ఆ సౌండ్ లేకపోతే నిద్ర పట్టదు అంటే సరే, దానికి గది కట్టండి. 1.5 ఎంఎం అల్యూమినియం షీట్ లేదా మందపాటి ఏబీఎస్ ప్లాస్టిక్ షీట్, ముందు అట్టముక్కతో నమూనా కోసి బోనెట్ వేసి చూసి సరిపోయాక షీట్ కోయండి, అట్ట దశలో మూడుసార్లు తప్పు చేసినా ఐదు రూపాయలు. గోడ పై అంచుకి కారు డోర్‌కి వేసే బీడింగ్ రబ్బర్ ఎక్కించండి, బోనెట్ మూసినప్పుడు అది నొక్కుకుని కూర్చోవాలి. నొక్కుకుందో లేదో తెలియాలంటే రబ్బర్ మీద పిండి రాసి బోనెట్ మూసి తెరవండి, మచ్చ పడిన చోట తగిలినట్టు, పడని చోట సందు ఉన్నట్టు. మా ఆవిడ బియ్యప్పిండి డబ్బా అందుకే మాయమైంది. మూడు పక్కలా గోడ కట్టి పైన వదిలేసిన హీట్ షీల్డులు మార్కెట్లో బోలెడు అమ్ముతున్నారు, కారు కదులుతుంటే కొంత పని చేస్తాయి, ఆగిందంటే వేడి పైనుంచి దిగుతుంది, గోడలు కట్టి పైకప్పు మర్చిపోయినట్టు.

ఆ గదికైనా స్టాక్ బాక్స్‌కైనా బంపర్ నుంచి గాలి తెచ్చే డక్ట్, అంటే గాలి గొట్టం, సైజు విషయం కొంచెం నిదానంగా చదవండి. ఆ నిమిషానికి 9 కిలోల గాలి 3 అంగుళాల గొట్టంలో పోతే సెకనుకి 29 మీటర్ల స్పీడ్, 2 అంగుళాల గొట్టంలో అదే గాలి 66 మీటర్లు. స్పీడ్ రెట్టింపు దాటితే ప్రెషర్ నష్టం ఐదింతలు అవుతుంది, 2 అంగుళాల్లో కేవలం ఆ స్పీడ్ పుట్టించడానికే 24 మిల్లీబార్ ఖర్చు, 3 అంగుళాల్లో 5. హైదరాబాద్ అసలే సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ గాలి ప్రెషరే 950 మిల్లీబార్ దగ్గర, బెజవాడ వాళ్లకున్న లగ్జరీ మనకి లేదు. దానికి తోడు ఫిల్టర్ ముందు 50 మిల్లీబార్ పోగొట్టుకుంటే మానిఫోల్డ్‌లో అదే బూస్ట్ కోసం టర్బో ప్రెషర్ రేషియో (గాలిని ఎన్ని రెట్లు నొక్కుతోంది) 2.0 నుంచి 2.1కి పోవాలి, ఇంకా గట్టిగా తిరగాలి, ఇంకా వేడి. కాబట్టి 3 అంగుళాలు, చోటు లేకపోతే రెండున్నరవి రెండు. ముందు బంపర్ లోపల గొట్టం మూతి పెద్దగా గరాటులా ఉండాలి, కోసినట్టు పదునైన అంచు ఉంటే గాలి అక్కడే సుడి తిరుగుతుంది.

ఇక్కడే ర్యామ్ ఎయిర్ అనే మాట వస్తుంది, స్పీడ్‌లో గాలి తోసుకొచ్చి ఉచితంగా బూస్ట్ ఇస్తుందట. గంటకి 100లో పోతే ఎదురు గాలి ఇచ్చే ప్రెషర్ అటూ ఇటుగా 4 మిల్లీబార్, అర శాతం కూడా కాదు, ఓఆర్ఆర్ మీద లిమిట్ 120లో పోయినా 6 దాటదు. డక్ట్ వల్ల లాభం చల్లదనం, తోపుడు కాదు.

గొట్టం మెటీరియల్ గురించి ఒక మాట, ప్లంబింగ్ పీవీసీ పైపు పెట్టకండి, చవక అని నేనూ మొదట పెట్టా, రెండు వారాలకి ఇంజన్ పక్క వంపు దగ్గర అరిటిపండులా మెత్తబడి చప్పిడి అయింది. పీవీసీ 75, 80 డిగ్రీలకే మెత్తబడుతుంది, బోనెట్ కింద ఆ వేడి మామూలే. స్ప్రింగ్ తీగ ఉండే సిలికాన్ బ్రేక్ డక్ట్ హోస్ బెస్ట్, లేదంటే ఏబీఎస్ పైపు. తీగ లేని మెత్తటి హోస్ అయితే ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ పీల్చినప్పుడు స్ట్రాలా లోపలికి అతుక్కుపోతుంది. జాయింట్ల దగ్గర హోస్ క్లిప్ బిగించే ముందు పైపు అంచుకి బీడ్, అంటే చిన్న గట్టు ఉండాలి, లేకపోతే నూనె తగిలిన సిలికాన్ జారి ఊడుతుంది. పైపు తీసినప్పుడల్లా టర్బో నోట్లో గుడ్డ కూరండి, తిరిగి బిగించేటప్పుడు ఆ గుడ్డ తీయండి. నవ్వకండి, తీయడం మర్చిపోయినోళ్లు ఉన్నారు. నేను కూరే గుడ్డకి ఎర్ర దారం కట్టి బయటికి వేలాడదీస్తా, ఉన్న నట్లు బోల్టులు లెక్కపెట్టి మూతలో పెట్టుకుంటా.

క్రాంక్‌కేస్ బ్రీదర్ హోస్ (ఇంజన్ లోపలి ఆయిల్ ఆవిర్లని బయటికి తీసే గొట్టం) టర్బో ముందు పైపులోకి కలుస్తుంది, కొత్త పైపుకి ఆ పోర్టు ఉందో లేదో కొనే ముందే చూసుకోండి. దాన్ని మూసేస్తే కొన్నాళ్లకి ఆయిల్ సీల్స్ లీకు మొదలవుతుంది, గాల్లోకి వదిలేయడం కూడా వద్దు. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కారైతే సెన్సర్ కూర్చునే గొట్టం లోపలి వ్యాసం స్టాక్ ఎంతుందో అంతే ఉండాలి, ఎందుకంటే సెన్సర్ కొలిచేది తన మీదుగా పోయే గాలినే, గొట్టం పెద్దదైతే తక్కువ గాలి వచ్చిందనుకుని పెట్రోల్ తక్కువ పోస్తుంది. పని అయ్యాక ఓబీడీలో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం సరిచేసుకుంటోంది) చూడండి, రెండు మూడు రోజులు నడిపాక ముందున్నదానికి అటూ ఇటూ 5 శాతం లోపుంటే ఓకే, 10 దాటితే ఎక్కడో లీకుంది లేదా గొట్టం సైజు తప్పు.

ఇన్‌టేక్ పైపుకి బంగారు రంగు టేపు చుట్టడం గురించి చాలామంది అడుగుతారు. సెకనుకి 29 మీటర్ల స్పీడ్‌లో పోయే గాలి మీటరు పైపులో ఉండేది సెకనులో ముప్పయ్యో వంతు, అంతలో ఎంత వేడెక్కుద్ది చెప్పండి. కదిలే కారుకి అది అలంకారమే, ఆగిన కారులో పైపు వేడి పట్టకుండా కొంచెం సాయం, అంతే. అదే డబ్బుతో వేడి పుట్టే చోట పని చేయండి, టర్బో బ్లాంకెట్ (వేడి ఆపే దుప్పటి), డౌన్‌పైప్‌కి (టర్బో నుంచి పొగ పోయే గొట్టానికి) ర్యాప్, ఇవి బోనెట్ కింద మొత్తం వాతావరణాన్నే మారుస్తాయి. ర్యాప్ నీళ్లలో తడిపి బిగుతుగా చుట్టండి, స్టీల్ జిప్ టైలతో కట్టండి, చేతులకి గ్లోవ్స్ వేసుకోండి లేకపోతే ఫైబర్ గుచ్చుకుని రెండు రోజులు గోక్కుంటారు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పొగ వస్తుంది, కంగారు పడొద్దు, కానీ బ్లాంకెట్ మీద ఆయిల్ చుక్క పడిందా లేదా అన్నది చూసుకోండి, పడితే అది పొగతో ఆగదు.

ఫిల్టర్ ఎలాంటిది అంటే, మన రోడ్ల మీద నేను పేపర్ లేదా డ్రై ఫిల్టర్ మనిషిని. ఆయిల్ కాటన్ ఫిల్టర్ మంచిదే, కానీ కడిగి ఆయిల్ ఎంత పోయాలో చేతికి రాదు, ఎక్కువైతే ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద పడుతుంది, తక్కువైతే ధూళి లోపలికి పోతుంది. కంకర లారీల వెనక, గ్రానైట్ క్వారీల పక్కన నడిచే కారుకి ఆ సన్నటి ఇసుక టర్బో కంప్రెసర్ బ్లేడ్ల అంచుల్ని గీకి గీకి అరగదీస్తుంది. కంపెనీ చెప్పిన కిలోమీటర్లలో సగానికే మార్చేయండి, ఫిల్టర్ ధరకీ టర్బో ధరకీ పోలికే లేదు.

అన్నీ అయ్యాక మళ్లీ అవే నాలుగు రీడింగులు, ఇంచుమించు అదే ఎండలో. నా కారులో స్టాక్ బాక్స్ తిరిగి పెట్టి, స్నార్కెల్ సందులు మూసి, ఫోమ్ కూరి, బంపర్ నుంచి బాక్స్‌కి అదనంగా ఒక డక్ట్ ఇచ్చి, డౌన్‌పైప్ చుట్టాక, 80లో పోతుంటే బాక్స్ బయటికంటే 4, 5 డిగ్రీలే ఎక్కువ. సిగ్నల్లో 50 దాకా ఎక్కుతుంది, కదిలిన నిమిషంలో దిగిపోతుంది, అంతకుముందు ఐదు నిమిషాలైనా దిగేది కాదు. డైనో అంకెలు చెప్పను, ఒక్కో రోజు ఒక్కో అంకె వస్తుంది, టైమింగ్ లాగడం తగ్గిందన్నది లాగ్‌లో కళ్ల ముందు కనిపించింది, నాకది చాలు. ఇంకోటి, చల్లగాలి వచ్చింది కదా అని వెంటనే స్టేజ్ 2 (ఇంకా ఎక్కువ పవర్ రీమ్యాప్) కోసం ఫోన్ చేసేవాళ్లకి, ఈ కారులో 7 స్పీడ్ డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తట్టుకుంటుందని కంపెనీ రాసిపెట్టిన టార్క్ 250 ఎన్ఎం, స్టాక్ ఇంజనే అంత ఇస్తుంది, రీమ్యాప్‌తో మనం ఎప్పుడో గీత దాటేశాం. వారంటీ ఉన్న కారైతే ఈ పనులకి క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది, ఇన్సూరెన్స్ వాళ్లకి మార్పులు చెప్పి పెట్టుకోండి.

ఇక మిగిలింది వాన. కోల్డ్ ఎయిర్ అని ఫిల్టర్‌ని బంపర్ కింద మూలకి, ఫెండర్ లోపలికి దింపే కిట్లు ఉన్నాయి, చలిదేశాల ట్రాక్ కార్లకి బానే ఉంటుందేమో గానీ హైదరాబాద్‌లో వద్దే వద్దు. 2020 అక్టోబర్ వరదల్లో కాలనీలకి కాలనీలు మునిగి కార్లు కాగితం పడవల్లా కొట్టుకుపోవడం చూశాం కదా, అంత వరద అక్కర్లేదు, అండర్‌పాస్‌లో మోకాలి లోతు నీళ్లు చాలు. గాలి నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు, సిలిండర్‌లోకి గ్లాసుడు పోయినా కనెక్టింగ్ రాడ్ వంగిపోద్ది. అందుకే నా డక్ట్ కింద భాగంలో 8 ఎంఎం రంధ్రాలు రెండు వేశా నీళ్లు కారిపోవడానికి, ఫిల్టర్ మాత్రం స్టాక్ ఎత్తులోనే. డక్ట్ మూతికి సన్న స్టీల్ జాలీ కూడా వేశా, అది వానకి కాదు ఎలుకలకి, కారు పది రోజులు కదలకపోతే ఎయిర్‌బాక్స్ వాటికి ఏసీ రూమ్, ఒకసారి మూత తీస్తే ఫిల్టర్ మీద వేరుశనగ పొట్టు, పాత సాక్సు ముక్క దొరికాయి. జూన్‌లో మృగశిర చినుకులు పడగానే బంపర్ కింద డక్ట్ మూతిని పీకి రబ్బర్ క్యాప్ బిగించేస్తా, స్టాక్ స్నార్కెల్ ఒక్కటే మిగులుద్ది, మళ్లీ ఫిబ్రవరి చివర్లో క్యాప్ తీస్తా. పది నిమిషాల పని, క్యాప్ మాత్రం డిక్కీలో స్టెప్నీ కింద పెట్టుకోండి, ఇంట్లో పెడితే వాన రోజు దొరకదు.